వయసు పెరగని వైరస్

చిక్కమునియప్ప పందులు చావడం మొదలైనప్పుడు నగరం అంచున కాడుగోడి రైలు స్టేషన్ వెనక వీధిలో ఎవరూ రోగం అనే మాట ఎత్తలేదు. ఎవరో మందు పెట్టారన్నారు. ఆ పెట్టినవాడు ఎవరన్నది కూడా సాయంత్రానికల్లా తేల్చేసుకున్నారు. ఓబులేష్.

అది రెండు వేల ఆరు జూన్, ముంగారు వానలు అప్పుడే పట్టుకున్న రోజులు. చిక్కమునియప్ప ఆ వీధికి పాతకాపు. చుట్టూ కంపెనీలు లేచి, కుందలహళ్ళిలోనూ బ్రూక్‌ఫీల్డ్‌లోనూ క్యాంటీన్లవాళ్ళు మిగిలిన అన్నాన్ని డ్రమ్ములకెత్తి బయట పెట్టడం మొదలుపెట్టాక అతని మంద బాగా పెరిగింది. ఓబులేష్ కదిరి వైపు నుంచి భార్య సొన్నమ్మను వెంటబెట్టుకుని వచ్చి, మొదట అతని దగ్గరే పనికి కుదిరి, తర్వాత మురుగుకాలవకు అవతల సొంతంగా కొట్టం వేసుకున్నవాడు. ఒక పెద్ద క్యాంటీన్ అన్నం చిక్కమునియప్పను కాదని ఓబులేష్‌కు పోవడం మొదలైన నాటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. దానికి తోడు ఆ వేసవిలోనే ఓబులేష్ ఒక దళారి ద్వారా పడమటి కనుమల అవతలి నుంచి లారీలో వచ్చిన తెల్ల పందిపిల్లల్ని కొని తెచ్చాడు. అనుమానపడటానికి వీధికి అంతకంటే ఏం కావాలి.

కాత్యాయని అక్కడికి వెళ్ళేటప్పటికి ఆమెకు ఈ సంగతులేవీ తెలియవు. ఆమెది హిందూపురం. నగరానికి ఉత్తరాన ఉన్న ఒక పశువ్యాధుల పరిశోధనాశాలలో వైరస్‌ల మీద పనిచేస్తుంది. భర్త ఉద్యోగం వైట్‌ఫీల్డ్ వైపు కావడంతో కుందలహళ్ళిలో అద్దెకుంటున్నారు. కాడుగోడి పశువుల డాక్టరు ఆమెకు పాత సహాధ్యాయి. ఆయన ఫోన్ చేసి, పందులు వరసగా పోతున్నాయి, నువ్వు దగ్గర్లోనే ఉన్నావు కదా, ఒకసారి చూసి వెళ్ళు అంటే, ఐస్ బాక్సు పట్టుకుని ఆటో ఎక్కింది.

కొట్టంలో బతికున్న పందులు ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. లేచినవి వెనక కాళ్ళు తడబడి మళ్ళీ కూలబడుతున్నాయి. చెవులు వంకాయ రంగుకు తిరిగాయి. చచ్చిన పందిని కోసి చూస్తే మూత్రపిండాల మీద సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు, ప్లీహం అంచుల్లో కమిలిన నల్లటి మచ్చలు. హాగ్ కలరా అని పాతవాళ్ళు, స్వైన్ ఫీవర్ అని ఇప్పటివాళ్ళు పిలిచే జబ్బుకు ఇంతకంటే తేటగా గుర్తులుండవు. ఆ మాటే చిక్కమునియప్పతో అంది.

"జబ్బు కాదు మేడమ్," అన్నాడు చిక్కమునియప్ప. "మందు పెట్టినారు. ఎవురు పెట్టినారో నాకు తెలుసు. మీరు కాగితంలో రాసిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా."

ఆమె అడిగే ప్రశ్నలన్నిటికీ అతను తడుముకోకుండా జవాబు చెప్పాడు. మేత ఎక్కడిది, ఎప్పటి నుంచి తినడం మానేశాయి, మొదట పడిపోయింది ఏది, అన్నీ. టీకా ఎప్పుడైనా వేయించావా అని అడిగినప్పుడు మాత్రం మాట ఆగింది. అతని చూపు గుమ్మంలో నిలబడ్డ భార్య అంజినమ్మ మీదికి పోయి వచ్చింది. మా పందులకి ఎవురేస్తారు మేడమ్, అన్నాడు. ఆ మాటలో నిజముంది. టీకా దొరికేదే తక్కువ, దొరికినా ఇలాంటి వీధుల దాకా రాదు. కానీ ఆ మాట వినపడగానే అంజినమ్మ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకోవడం కాత్యాయని కంట్లో పడింది.

ఆమె ప్లీహం ముక్కలు డబ్బాల్లో పెడుతుండగానే కాలవ అవతల గలాటా లేచింది. వీధి మగవాళ్ళు కొందరు ఓబులేష్ కొట్టం కంచె పీకి పారేస్తున్నారు. పందులు అరుస్తూ రైలు పట్టాల వైపు పరుగెత్తాయి. దొరికినవాటిని దుడ్డుకర్రలతో కొట్టి అక్కడే పడేశారు. ఓబులేష్‌ను ఇద్దరు చొక్కా పట్టుకుని పోలీసు స్టేషనుకు లాక్కుపోయారు. కాత్యాయని అక్కడికి చేరేటప్పటికి సొన్నమ్మ ఒక్కతే బురదలో నిలబడి ఉంది. కొట్టం మూలలో ఒక తెల్ల పిల్ల చచ్చి ఉంది. దాని మీద దెబ్బ లేదు. చెవులు మాత్రం వంకాయ రంగు.

దీన్ని కోసి చూడనిస్తావా అని కాత్యాయని అడిగింది.

"నువ్వు వాళ్ళ తట్టు నుంచి వచ్చినదానివే కదా," అంది సొన్నమ్మ. "ఏమన్నా చేసుకో. మేము వద్దంటే ఆగేదానివా."

పరీక్షలో విషం లేదని తేలింది. రెండు కొట్టాల పందుల్లోనూ ఉన్నది స్వైన్ ఫీవర్ వైరసే. ఆ సంగతి చెబితే గొడవ సద్దుమణుగుతుందని కాత్యాయని అనుకుంది. పోలీసులు ఓబులేష్‌ను వదిలేసిన మాట నిజమే. వీధి వదల్లేదు. మందు పెట్టాడన్న మాట పోయి, ఆ తెల్ల పిల్లలతో చావు మోసుకొచ్చాడన్న మాట వచ్చింది. ఇంకా గట్టిగా వచ్చింది, ఎందుకంటే ఈసారి దాని వెనక పరీక్ష కూడా ఉంది. ఓబులేష్ దంపతులకు నీళ్ళ కుళాయి దగ్గర ఎవరూ దారివ్వలేదు. క్యాంటీన్ వాళ్ళు కూడా అతన్ని రావద్దన్నారు.

తన పరీక్షే ఇంత పని చేసిందే అని కాత్యాయనికి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఓబులేష్ పందుల నుంచే చిక్కమునియప్ప మందకు అంటిందా లేదా అని తేల్చడానికి ఒక దారి ఉంది. రెండు వైరస్‌ల జన్యుక్రమాలూ చదివి పక్కపక్కన పెట్టి చూడాలి.

పరిశోధనాశాలలో ఆమె పైఅధికారి పద్మనాభం. పీహెచ్‌డీకి ఆమెకు గైడు కూడా ఆయనే. ఆమెకు పని నేర్పింది, ఉద్యోగం వచ్చేలా చేసింది, పెళ్ళికి కుటుంబంతో సహా హిందూపురం వచ్చి రెండు రోజులు ఉన్నది ఆయనే. కొత్త నమూనా అంటే చిన్నపిల్లాడిలా సంబరపడే మనిషి. కాడుగోడి నమూనాల మాట చెబితే మాత్రం తలెత్తలేదు. హాగ్ కలరాయే కదమ్మా, ఆ మాట రాసిచ్చి వదిలెయ్, సీక్వెన్సింగ్ దండగ అన్నాడు. ఏ పందులు, ఎవరివి అని ఒక్క మాట అడగలేదు. ఆ రోజు ఆమెకది వింతగా మాత్రమే తోచింది. నమూనాలను మాత్రం సీక్వెన్సింగ్‌కు పంపేసింది.

వైరస్ ఒక పందిలోంచి ఇంకో పందిలోకి వెళ్ళే ప్రతిసారీ తనకు తాను నకళ్ళు రాసుకుంటూ పోతుంది. ఆ రాతలో తప్పులు దొర్లుతాయి. కొన్ని తప్పులు దాన్ని చంపేస్తాయి, కొన్నింటితో అది బతికి ముందుకు పోతుంది. అలా ఏడాదికేడాది తప్పులు పోగుపడుతూ ఒకే వైరస్ కుటుంబాలుగా, శాఖలుగా చీలిపోతుంది. ఆ తప్పులే దాని వయసు. ఏ శాఖదో, ఆ శాఖలో ఎంత దూరం నడిచిందో వాటిని చూసి చెప్పవచ్చు.

ఫలితాలు వచ్చిన రోజు కాత్యాయని మధ్యాహ్నం భోజనం మానేసి కంప్యూటరు ముందు కూర్చుంది. ఓబులేష్ తెల్ల పిల్లలో ఉన్నది ఒక శాఖ, చిక్కమునియప్ప పందుల్లో ఉన్నది పూర్తిగా ఇంకో శాఖ. ఒకటి రెండోదానికి తల్లీ కాదు, బిడ్డా కాదు. ఒకే వీధిలో ఒకే వానలో రెండు వేరు వేరు నిప్పులు అంటుకున్నాయి. చిక్కమునియప్ప మందను చంపింది ఓబులేష్ తెచ్చిన జబ్బు కాదు.

ఆమె ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో సంగతి కంటబడింది. చిక్కమునియప్ప పందుల వైరస్‌ను ఆమె ఎరుగును.

పదేళ్ళ కిందట, తొంభై ఆరులో, కోలారు దగ్గర ఒక మందలో జబ్బు వచ్చినప్పుడు పద్మనాభం అక్కడి నుంచి ఒక వైరస్‌ను తెచ్చాడు. దాన్ని సీసాల్లోని కణాల మీద మళ్ళీ మళ్ళీ పెంచి, జబ్బు తేలేనంతగా మెత్తబరచగలిగితే మంచి టీకా అవుతుందని ఆయన ఆశ. కాత్యాయని పీహెచ్‌డీ పనంతా దాని మీదే సాగింది. సీసాల్లో పెరిగే కొద్దీ ఆ వైరస్‌లో ఏ అక్షరం ఎక్కడ మారిందో ఆమెకు కంఠతా వచ్చు. పందుల్లో తిరిగే ఏ వైరస్‌లోనూ ఆ మార్పులు ఆమె చూడలేదు. అవి గాజు సీసా పెట్టిన గుర్తులు. చివరికి అది మెత్తబడలేదని, ఆ పని ఆపేశానని పద్మనాభమే అందరితో చెప్పాడు.

ఆ గుర్తులు ఇప్పుడు కాడుగోడి పందిలో ఉన్నాయి. అన్నీ కాదు. రెండు చోట్ల మాత్రం సీసాలో మారిన అక్షరాలు తిరిగి కోలారు నాటి పాత అక్షరాలుగా మారాయి. మిగతాదంతా అచ్చం సీసాలోదే. పదేళ్ళు ఊళ్ళ మీద తిరిగిన వైరస్ అలా ఉండదు. ఈ పదేళ్ళూ ఎక్కడో చలిలో పడుకుని, ఈ మధ్యనే లేచి వచ్చినట్టుంది.

ఆమె మొదట అనుమానించింది తన చేతుల్నే. పాత వైరస్ చుక్క ఏదో తన గొట్టంలో కలిసి ఉండాలి. అలాంటివి పెద్ద పెద్ద పరిశోధనాశాలల్లోనూ జరుగుతాయి. ఇంకో కాలేజీలో పనిచేసే స్నేహితురాలు హరిణి ఆ పాత వైరస్ మొహం కూడా ఎరగదు. చిక్కమునియప్ప పంది ప్లీహం ముక్కలున్న డబ్బాల్లో అప్పటిదాకా మూత తీయనిది ఒకటి ఆమెకు తీసుకెళ్ళి ఇచ్చి, ఏమీ చెప్పకుండా చదివి పెట్టమంది. ఎందుకని హరిణి అడిగితే, తర్వాత చెప్తాను అంది.

హరిణి పంపిన క్రమానికీ తన క్రమానికీ ఒక్క అక్షరం తేడా లేదు.

అప్పటి నుంచి కాత్యాయనికి తాను పదేళ్ళుగా తిరిగిన గదులే కొత్తగా కనిపించసాగాయి. ఆ పాత వైరస్ దాచిన డీప్ ఫ్రీజర్‌కు తాళంచెవులు రెండు. ఒకటి తన దగ్గర, రెండోది పద్మనాభం దగ్గర. ఎవరైనా ఆ వైపు నడిచివెళ్తే తల దానంతటదే అటు తిరిగేది. పద్మనాభం నవ్వుతూ పలకరిస్తే, ఈ నవ్వు ఇవాళ ఎందుకు అనిపించేది. కాఫీ తెప్పించి ఇస్తే తాగుతూ ఆయన చేతుల్నే చూసేది. ఆ మనిషిని అలా చూస్తున్నందుకు సిగ్గుపడేది, చూడటం మానలేకపోయేది.

ఆదివారం ఆమె మళ్ళీ కాడుగోడి వెళ్ళింది. చిక్కమునియప్ప ఖాళీ కొట్టంలో సున్నం చల్లుతున్నాడు. మీ పందులకు ఎవరైనా సూది వేశారా అని నేరుగానే అడిగింది. అతను చేతిలో బుట్ట కింద పెట్టకుండానే, చెప్తిని కదా మేడమ్, ఎవురూ ఏయలేదు అన్నాడు. ఓబులేష్ పందుల జబ్బు వేరు, మీ పందుల జబ్బు వేరు అని చెప్పింది. అతను నమ్మలేదు. నమ్మలేదో, నమ్మనట్టు ఉన్నాడో ఆమెకు అర్థం కాలేదు. మీకు ఆ ఓబులేష్ ఏమన్నా బంధువా అని అడిగాడు.

ఆమె బస్టాపులో నిలబడి ఉండగా అంజినమ్మ కొంగు తల మీదికి లాక్కుని వచ్చి పక్కన నిలబడింది. కొంచెంసేపు రోడ్డు వైపే చూసి, ఎవరితోనో అన్నట్టు మాట్లాడింది.

"సూది ఏస్తా ఉండ్య. తెల్ల వ్యాన్లో వచ్చే పెద్దాయన. మూడేండ్లుగా ఏస్తా ఉండాడు. మంచోడే, మన తెలుగే మాట్లాడతాడు. ఎవురికీ చెప్పొద్దని మా ఆయనతో ఒట్టు పెట్టించుకున్యాడు. ఈసారి సూది ఏసినంక ఆడపందులు మబ్బుగా పడుకున్యాయి. ఆమేలు కొన్ని దినాలకి వాటి పిల్లలు పోయినాయి. ఆమేలు అన్నీ."

ఆయన ఎలా ఉంటాడని కాత్యాయని అడగలేదు. అడిగితే అంజినమ్మ చెప్పేస్తుందని భయం వేసింది. అంజినమ్మ తనంతట తానే చెప్పింది. ఎడమచేత్తో సూది వేస్తాడని, వేసే ముందు పంది వీపు మీద రెండుసార్లు తడతాడని. పరిశోధనాశాలలో కుందేలుకు సూది వేయడం కాత్యాయనికి నేర్పింది ఆ ఎడమచెయ్యే.

మర్నాడు ఆమె పద్మనాభం గదికి వెళ్ళి తలుపు వేసింది. బయట వాన పడుతోంది. ఆయన కుర్చీ చూపించాడు, ఆమె కూర్చోలేదు. చెప్పవలసింది చెప్పేసింది. రెండు శాఖలు, సీసా గుర్తులు, వెనక్కి మారిన అక్షరాలు. అంజినమ్మ పేరు మాత్రం ఎత్తలేదు.

ఆయన అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కాత్యాయనీ, ఆ వైరస్‌ను సీసాల్లో పెంచింది ఎవరు? నువ్వు. ఫ్రీజర్ తాళం ఎవరి దగ్గరుంది? నీ దగ్గర. నువ్వు ఉండేది ఎక్కడ? కాడుగోడి పక్కన. ఆ పందుల దగ్గరికి ఇక్కడి నుంచి వెళ్ళింది ఎవరు? నువ్వే. ఇది బయటపడితే మొదట ఎవరిని అనుమానిస్తారో ఆలోచించావా అమ్మా?"

ఆ 'అమ్మా' అనడంలో ఎప్పటి మెత్తదనమే ఉంది. హరిణి దగ్గర ఒక డబ్బా ఉన్న సంగతి అప్పటిదాకా చెప్పలేదు. ఇక చెప్పకూడదనుకుంది.

"నన్ను అనుమానించనీండి సార్. మూడేళ్ళ నుంచి తెల్ల వ్యాన్లో వెళ్తున్నది నేను కాదు కదా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆమెతో కాకుండా తనతో తాను వాదించుకుంటున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్రభుత్వ టీకా కుందేళ్ళలో తయారు చేస్తారు, ఒక కుందేలును చంపితే వచ్చే డోసులు ఏ మూలకూ చాలవు, ఏటా ఇలాంటి వీధుల్లో మందలకు మందలు తుడిచిపెట్టుకుపోతుంటే కాగితాల మీద అనుమతి కోసం ఎదురుచూస్తూ తన సర్వీసు అయిపోవచ్చింది అన్నాడు. తన వైరస్ మెత్తబడింది అన్నాడు. మెత్తబడలేదని అందరితో చెప్పింది అబద్ధం. నిజం చెబితే ఎవరో పెద్దవాళ్ళు పట్టుకుపోతారని భయపడ్డాడు. చిక్కమునియప్పకు ఉపకారమే చేశాననుకున్నాడు.

"మూడేళ్ళు ఆ కొట్టంలో ఒక్క పంది జ్వరంతో చావలేదు. అది నువ్వు లెక్కలోకి తీసుకోవా?"

"సూది వేసిన పంది నుంచి వేయని పిల్లకు అంటుతుందేమో చూశారా సార్? పిల్ల నుంచి పిల్లకు పోతూ పోతూ పాత బలం తెచ్చుకుంటుందేమో చూశారా?"

"చూడటానికి నాకు పందులెక్కడివి?"

"అందుకని చిక్కమునియప్పవి వాడుకున్నారు."

ఆమెకు అప్పుడు అర్థమైంది. ప్రతి ఏటా ఆ కొట్టంలో సూది పడిన పందుల మధ్య సూది పడని పిల్లలు పుట్టాయి. వాటిలోకి పాకిన వైరస్ పందికి అలవాటు పడుతూ, సీసా నేర్పిన మెత్తదనాన్ని ఒక్కొక్క అక్షరంగా వదిలించుకుంటూ వచ్చింది. వెనక్కి మారిన ఆ రెండు అక్షరాలూ అవే.

గదిలోంచి బయటికి వచ్చి ఆమె నేరుగా డైరెక్టరు దగ్గరికి వెళ్ళింది. ఒక్కరోజు ఆగితే ఆగిపోతానని భయపడింది.

పద్మనాభం చెప్పినట్టే జరిగింది. విచారణ సంఘం వేశారు, మొదట అనుమానించింది ఆమెనే. తాళం అప్పగించమన్నారు. ఆమె బల్ల మీద ఉన్న గొట్టాలన్నీ మూటగట్టి తీసుకుపోయారు. గైడు కుర్చీ కోసమే ఇదంతా అల్లిందని ఒకరన్నారు. ఆమే ఏదో ప్రయోగం చేసి, బెడిసికొట్టాక పెద్దాయన మీదికి నెట్టిందని ఇంకొకరన్నారు. భోజనాల బల్ల దగ్గర ఆమె కూర్చుంటే పక్కవాళ్ళు త్వరగా తిని లేచేవారు. ఇంట్లో భర్త కూడా ఒక రోజు, నీకు పూర్తిగా నమ్మకమే కదా అని అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. కుళాయి దగ్గర దారి దొరకని సొన్నమ్మకు ఎలా ఉంటుందో కొంచెం తెలిసింది.

హరిణి దగ్గరున్న డబ్బా ఆమెను నిలబెట్టింది. దాని మూత తీసింది హరిణి, చదివింది హరిణి. ఆ పరీక్షలో కాత్యాయని చెయ్యి లేదు. కాబట్టి ఆ వైరస్ పందిలో ఉన్నదే, గొట్టంలో కలిసింది కాదు. ఇక అది పందిలోకి ఎలా వెళ్ళిందన్నది మిగిలింది. సంఘం చిక్కమునియప్ప దంపతులను పిలిపించింది. చిక్కమునియప్ప తన పందులకు ఎవరూ సూది వేయలేదన్నాడు. అంజినమ్మను ఊరికే, ఒక మాట అడగాలి కాబట్టి అడిగారు. ఆమె భర్త వైపు చూడకుండా, బల్లకు అవతల కూర్చున్న పద్మనాభాన్ని చేత్తో చూపించింది.

నివేదిక మాత్రం మెత్తగా వచ్చింది. వైరస్ ప్రయోగశాల నుంచి వెళ్ళి ఉండవచ్చుననడానికి ఆధారాలున్నాయి అని. పద్మనాభం స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాడు. శాలువా కప్పి పంపించారు. ఆ రోజు కాత్యాయనిని ఎవరూ పిలవలేదు, ఆమె వెళ్ళలేదు. కారిడారులో ఎదురైనప్పుడు ఆయన పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాడు. ఆయన వేసిన సూదులు కాడుగోడిలో ఆగాయా, ఇంకే వీధిలోనైనా పడ్డాయా అని ఆమె అడగలేకపోయింది. ఆ తర్వాత ఏ ఊళ్ళో పందులు పోయాయని విన్నా ముందు ఆ ప్రశ్నే ఆమె మనసులోకి వచ్చేది.

ఆమె ఈ సంగతి ఓబులేష్‌కు చెప్పడానికి వెళ్ళినప్పుడు అతను ఒక అపార్టుమెంటు కడుతున్న చోట ఇసుక మోస్తున్నాడు. ఇంటి దగ్గర సొన్నమ్మ ఒక్కతే ఉంది, ఆమెను లోపలికి పిలవలేదు. గడపలో నిలబడే వింది.

"ఇన్నాళ్ళకు వచ్చి చెప్తుండావు. దేంట్లో వేలిముద్ర కావాల నీకు?" అని అడిగింది.

ఏమీ వద్దని కాత్యాయని చెప్పింది. మీ తప్పు లేదని మీకు తెలియాలని వచ్చానంది.

"మాకు ముందే తెలుసు. మాకు చెప్పి ఏమి లాభం? వీధికి చెప్పు. మా కంచె పీకినోళ్ళకు చెప్పు."

ఆదివారం సంత జరిగే వేళ, స్టేషను ముందు టీ అంగడి దగ్గర, కాత్యాయని నిలబడి చెప్పింది. పశువుల డాక్టరు తోడు వచ్చాడు. కొందరు గుమిగూడారు, కొందరు సంచులతో నిలబడి విని వెళ్ళిపోయారు. ఇంత తెలుగూ ఇంత కన్నడమూ కలిపి, వైరస్ మాటను అందరికీ అర్థమయ్యేట్టు చెప్పడానికి ఆమె పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. చిక్కమునియప్ప మందను చంపిన జబ్బు ఓబులేష్ కొట్టంలోంచి రాలేదు, ఒక డాక్టరు సూదిలోంచి వచ్చింది అని చివరికి రెండు ముక్కల్లో తేల్చింది.

అట్లయితే వాని పందులకి జబ్బే లేదా అని ఎవరో అడిగారు.

అబద్ధం చెబితే అయిపోయేది. ఓబులేష్ గుంపు వెనక తలవంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఉండింది," అంది కాత్యాయని. "కానీ వేరే జబ్బు. అదే పేరు, వేరే వంశం. అది ఓబులేష్ పందులకే పట్టింది. మీ పందుల్లోకి అది రాలేదు."

గుంపులో గుసగుసలు లేచాయి. ఉండిందంట, ఉండిందంట అన్న మాటే ముందుకు పాకింది. సగంమంది దాన్ని పట్టుకునే ఇళ్ళకు పోయారు. చేతికి చిక్కిన నిజం మళ్ళీ జారిపోతున్నట్టు ఆమెకు అనిపించింది. అంతలో టీ అంగడి బల్ల మీద కూర్చున్న చిక్కమునియప్ప లేచాడు. అతను వచ్చి ఉన్నాడని అప్పటిదాకా ఆమె చూడలేదు.

అతను గుంపుతో మాట్లాడలేదు. ఓబులేష్ ముందుకు పోయి నిలబడ్డాడు.

"సూది మీద నాకు మొదటి దినమే అనుమానం ఉండ్య అప్పా. అంత పెద్ద మనిషిని అనేదానికి నోరు రాలేదు. నిన్ను అనేది సులువాయె."

ఓబులేష్ పక్కనే నిలబడి ఉన్న సొన్నమ్మ చిక్కమునియప్పను కింది నుంచి పైదాకా చూసి, ఈ మాట ఇప్పుడు ఎందుకు చెప్తుండావు, మా ఆయన మళ్ళా నీ కొట్టంలో పనికి రావాలనా అని అడిగింది. అతను వెనుదిరిగి వెళ్ళిపోయాడు. అతను ఒప్పుకున్న మాట మాత్రం వీధి విన్నది. ఆ తర్వాత కుళాయి దగ్గర సొన్నమ్మకు దారి దొరికిందని అంజినమ్మ ఒకసారి బస్టాపులో చెప్పింది.

అయినా వాళ్ళు అక్కడ నిలవలేదు. మరుసటి ఏడాది మాలూరు వైపు సొన్నమ్మ అన్నదమ్ముల దగ్గరికి పోయి, అక్కడ కొత్తగా నాలుగు ఆడపందులతో మొదలుపెట్టారు. ఒక రోజు కాత్యాయనికి ఓబులేష్ నుంచి ఫోన్ వచ్చింది. పిల్లలు పుట్టాయి, టీకా వేయించాలి, వేరే ఎవరినీ పిలిచే ధైర్యం లేదు అన్నాడు. ఆమె ప్రభుత్వ టీకా ఎలాగో సంపాదించి, ఐస్‌లో పెట్టుకుని రైలెక్కింది.

సొన్నమ్మ ఈసారి ఆమెకు మంచం వాల్చింది, మజ్జిగ ఇచ్చింది. కానీ కాత్యాయని సీసా బయటికి తీయగానే చేయి చాచి దాన్ని అందుకుంది. వెలుతురుకు ఎత్తి చూసింది. మూత చుట్టూ వేలు తిప్పి చూసింది.

"ఇది ఎవురు చేసినారు?"

"ప్రభుత్వం వాళ్ళు."

"నువ్వు ముట్టినావా?"

"లేదు. మూత తీయలేదు."

సొన్నమ్మ సీసా తిరిగి ఇచ్చి, పిల్లల్ని రెండు దొడ్లుగా విడదీసింది. చూడటానికి పిల్లల్లో పెద్ద తేడా లేదు, చేతికి అందినవాటిని అందినట్టు అటూ ఇటూ వేసింది. మధ్యలో తడిక అడ్డం పెట్టింది.

"వీటికి ఎయ్యి," అంది ఒక దొడ్డి చూపించి. "వాటికి వద్దు. వీటికి ఏమవుతాదో చూసి, ఆమేలు చెప్తా."

టీకా పడనివాటికే ముప్పు ఎక్కువని, వైరస్ వచ్చిందంటే ముందు వాటినే పట్టుకుంటుందని, ఈ టీకా ఆ టీకా లాంటిది కాదని కాత్యాయనికి చెప్పాలనిపించింది. సొన్నమ్మ మొహం చూసింది. ఓబులేష్ ఒక పిల్లను వెనక కాళ్ళు పట్టి ఎత్తి ఆమె ముందు నిలబడ్డాడు.

సరేనని సూది తీసుకుంది. వేసే ముందు పిల్ల వీపు మీద పద్మనాభంలా తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. సొన్నమ్మ పక్కనే గొంతుకూర్చుని, ఆ సూది చర్మంలోకి దిగి మళ్ళీ బయటికి వచ్చేదాకా రెప్ప వేయకుండా చూసింది.